డేమ్ స్టీఫనీ షిర్లీ వృత్తి జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీఫనీ షిర్లీ ఎవరు? ఆమె పేరు ఇప్పటికీ ఎందుకు వినిపిస్తోంది?

స్టీఫనీ షిర్లీ బ్రిటన్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ పారిశ్రామికవేత్త. 1962లో ఆరు పౌండ్ల పెట్టుబడితో, ఇంట్లోని భోజనాల బల్ల మీద, ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ అనే సంస్థను మొదలుపెట్టారు. పెళ్లి అయ్యాకనో, కాన్పు దగ్గరపడ్డాకనో ఉద్యోగం మానుకోవలసి వచ్చిన మహిళా ప్రోగ్రామర్లకు వాళ్ల ఇంటికే పని పంపడం ఆ సంస్థ పద్ధతి. అదే సంస్థ 1996లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. దాని విలువ ఒక దశలో 300 కోట్ల డాలర్లకు చేరింది.

ఆమె గురించి రాసేవారు చాలామంది రెండు సంగతులు చెప్పి ఊరుకుంటారు. మగ పేరుతో ఉత్తరాలు రాశారన్నది ఒకటి, ఆమె దగ్గర పనిచేసినవారిలో 70 మంది మిలియనీర్లయ్యారన్నది రెండోది. రెండూ నిజమే. అయితే ఆ మొదటి సంగతికీ రెండో సంగతికీ నడుమ ముప్పై ఏళ్లకు పైగా కాలం ఉంది. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎవరి ఇంట్లో వాళ్లు పనిచేసే మనుషుల చేత, కచ్చితమైన ధరకు, చెప్పిన గడువుకు సాఫ్ట్‌వేర్ రాయించడం ఎలా సాధ్యమైందన్నదే ఆమె వృత్తి జీవితంలో అసలు తెలుసుకోదగినది. కింది జవాబుల్లో ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

ఆమెకు ఇన్ని పేర్లు ఎందుకున్నాయి?

పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరా బుఖ్‌తాల్. 1951లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఇంటిపేరు బ్రూక్‌గా మార్చుకున్నారు. 1959లో భౌతిక శాస్త్రవేత్త డెరెక్ షిర్లీని వివాహం చేసుకున్నాక స్టీఫనీ షిర్లీ అయ్యారు. వ్యాపార ఉత్తరాల్లో స్టీవ్ షిర్లీ అని సంతకం చేసేవారు. ఆ పేరు ఎంతగా అలవాటైందంటే, పరిచయస్తులు చివరిదాకా ఆమెను స్టీవ్ అనే పిలిచారు. 2000లో డేమ్ బిరుదు (మగవాళ్లకిచ్చే సర్ బిరుదుకు సమానమైనది) వచ్చింది కనుక పత్రికల్లో డేమ్ స్టీఫనీ అని కనిపిస్తుంది. వీటన్నిటిలో ఏ పేరుతో వెతికినా దొరికేది ఒకే మనిషి.

ఆమె బ్రిటన్‌కు ఎలా వచ్చారు?

1933 సెప్టెంబరు 16న జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి, యూదుడు. నాజీల పాలనలో ఆయన పదవి పోయింది. కుటుంబం ఒక దేశం నుంచి మరో దేశానికి మారుతూ చివరికి వియన్నా చేరింది. ఆస్ట్రియా కూడా హిట్లర్ చేతికి చిక్కాక, 1939 వేసవిలో తల్లిదండ్రులు ఐదేళ్ల వేరాను, తొమ్మిదేళ్ల అక్కను పిల్లల రైలు ఎక్కించి ఇంగ్లండుకు పంపించారు. యుద్ధం మొదలయ్యేలోగా ఇలాంటి రైళ్లలో సుమారు పదివేల మంది పిల్లలు, ఎక్కువమంది యూదులు, బ్రిటన్ చేరారు. దీనికి కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ అని పేరు. అక్కచెల్లెళ్లను ఇంగ్లండు మధ్య ప్రాంతంలో ఒక దంపతులు చేరదీసి పెంచారు. కన్నవాళ్లు బతికి బయటపడ్డారు గానీ వాళ్లతో అనుబంధం మళ్లీ మునుపటిలా అతుక్కోలేదని ఆమె తర్వాతి కాలంలో చెప్పారు.

తనను బతికించడం వృథా కాలేదని అనిపించేలా ప్రతి రోజూ గడపాలన్న పట్టుదల తనకు అక్కడే పుట్టిందని ఆమె అనేకసార్లు చెప్పుకున్నారు. ఆమె జీవితమంతటినీ ఈ ఒక్క మాటతో వివరించేయడం చరిత్రకారులకు సులువే. కానీ వ్యాపారం ఎలా నడిపారన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ఆమె చదువు కంప్యూటర్లకు సంబంధించినదేనా?

కాదు, గణితం. ఇంగ్లండులోని ఆస్వెస్ట్రీ అనే ఊళ్లో ఆమె చదివిన బాలికల పాఠశాలలో పై స్థాయి గణితం చెప్పేవారు లేక, ఆ ఒక్క పాఠం కోసం దగ్గరలోని మగపిల్లల బడికి వెళ్లవలసి వచ్చింది. పద్దెనిమిదేళ్లకు విశ్వవిద్యాలయానికి వెళ్లకుండా ఉద్యోగంలో చేరి, రాత్రి తరగతులకు హాజరవుతూ ఏళ్ల తరబడి చదివి గణితంలో ఆనర్స్ పట్టా పుచ్చుకున్నారు.

కంప్యూటర్లతో పరిచయం ఎక్కడ జరిగింది?

లండన్ శివారులోని డాలిస్ హిల్‌లో, బ్రిటిష్ తపాలా శాఖవారి పరిశోధన కేంద్రంలో. టెలిఫోన్ వ్యవస్థ అప్పట్లో తపాలా శాఖ కిందే ఉండేది. యుద్ధకాలంలో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించడానికి కొలోసస్ యంత్రాన్ని తయారుచేసిన టామీ ఫ్లవర్స్ పనిచేసింది ఇక్కడే. అయితే కొలోసస్ సంగతి 1970ల వరకు ప్రభుత్వ రహస్యంగానే ఉండిపోయింది కనుక, పక్క గదుల్లో తిరిగే మనుషులు ఏం సాధించారో ఈ కొత్త ఉద్యోగికి తెలిసే వీలు లేదు. ప్రభుత్వ పొదుపు బాండ్ల బహుమతికి యాదృచ్ఛిక సంఖ్యలు తీసే ఎర్నీ అనే యంత్రం కూడా ఈ కేంద్రంలోనే తయారై 1957లో మొదటి డ్రా తీసింది. షిర్లీ అక్కడ యంత్ర భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వోద్యోగాల్లో ఒకే పనికి ఆడవాళ్లకు జీతం తక్కువ. సమాన వేతనాన్ని 1955లో మొదలుపెట్టి 1961 నాటికి విడతలవారీగా అమలుచేశారు. అంటే ఆమె అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆ తేడా పూర్తిగా తొలగలేదన్నమాట.

మంచి ఉద్యోగం ఉండగా ఎందుకు మానేశారు?

పెళ్లి తర్వాత ఆమె డాలిస్ హిల్ వదిలి, కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరారు. అక్కడ పని నచ్చింది, మనుషులూ నచ్చారు. ఒక సమావేశంలో ధరల విషయమై ఆమె ఏదో సూచన చేయబోతే, సాంకేతిక ఉద్యోగికి ఆ సంగతులతో పని లేదన్నట్టు పైవారు మాట తుంచేశారని ఆమె తర్వాత గుర్తుచేసుకున్నారు. ఇక్కడ ఇంతకన్నా పైకి వెళ్లే దారి లేదని ఆమెకు అర్థమైంది, కొద్ది రోజుల్లోనే రాజీనామా ఇచ్చారు.

ఈ చిన్న సంఘటనను చాలామంది దాటేస్తారు. అయితే ఏ విషయంలో నోరు తెరవవద్దన్నారో, తన సొంత సంస్థను ఆమె ఆ విషయం మీదే నిలబెట్టారన్నది గమనించాలి. ధర గురించిన ప్రశ్న కింద వస్తుంది.

ఆరు పౌండ్ల పెట్టుబడితో కంపెనీ పెట్టడం నమ్మదగినదేనా?

నమ్మదగినదే. ఎందుకంటే ఆ వ్యాపారానికి యంత్రం అక్కర్లేదు, కార్యాలయం అక్కర్లేదు. కావలసినవి కాగితం, పెన్సిలు, తపాలా బిళ్లలు, టెలిఫోను. బకింగ్‌హామ్‌షైర్‌లో చెషమ్ దగ్గర వాళ్ల ఇల్లే కార్యాలయం. మొదటి కొన్ని నెలలు సిబ్బంది కూడా ఆమె ఒక్కరే. 1964లో లిమిటెడ్ కంపెనీగా రిజిస్టరు చేశారు.

పెట్టుబడి తక్కువన్నది నిజమే గానీ, ఆదాయం కూడా అంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. భర్త జీతంతో ఇల్లు గడవబట్టి ఆ తొలి ఏళ్లు నెగ్గుకొచ్చారన్నది మరవరాదు. చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లు కూడా ఇలా సాధించవచ్చని చెప్పడానికి ఈ కథను వాడుకోవడం అంత సబబు కాదు.

అప్పట్లో సాఫ్ట్‌వేర్‌ను డబ్బిచ్చి కొనేవారా?

చాలామంది కొనేవారు కారు. కంప్యూటరు కొంటే దానితోపాటు ప్రోగ్రాములు ఉచితంగా రావడం ఆనవాయితీ. సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర పెడతామని ఐబీఎం ప్రకటించింది 1969లో. అంటే షిర్లీ సంస్థ మొదలైన ఏడేళ్లకు. ఉచితంగా వచ్చేదాన్ని అమ్ముతానంటే జనం నవ్వారని, అమ్మేది ఆడమనిషి అని తెలిశాక మరింత నవ్వారని ఆమె చెప్పేవారు.

అయినా కొనేవారు కొందరు ఉండనే ఉన్నారు. యంత్రంతో ఉచితంగా వచ్చే ప్రోగ్రాములు యంత్రాన్ని నడపడానికి పనికొస్తాయి. ఫలానా కర్మాగారంలో సరుకు నిల్వ లెక్క, ఫలానా కంపెనీ లారీల రాకపోకల పట్టిక వంటి వాటిని ఎవరికి వారే రాయించుకోవాలి. రాసేవాళ్లేమో దొరకరు. బ్రిటన్‌లో ప్రోగ్రామర్ల కొరత తీవ్రంగా ఉన్న రోజులవి. ఒకపక్క కొరత, మరోపక్క తర్ఫీదు పొందిన వందలాది మహిళలు పిల్లలను చూసుకుంటూ ఇళ్లలో ఉండిపోవడం. ఆ రెంటినీ కలిపితే వ్యాపారమవుతుందని ఆమె కనిపెట్టారు.

‘స్టీవ్’ అని సంతకం చేయడం వల్ల నిజంగా లాభం కలిగిందా?

కలిగింది. స్టీఫనీ షిర్లీ పేరుతో కంపెనీలకు రాసిన ఉత్తరాలకు జవాబులు రాలేదు. ఆ సంతకం వల్లే కావచ్చునని, స్టీవ్ అని రాయమని భర్త సలహా ఇచ్చారు. అప్పటినుంచి జవాబులు రాసాగాయి, సమావేశాలకు పిలుపులు అందాయి. తలుపు తీసుకుని లోపలికి వచ్చింది ఆడమనిషి అని తెలిసేసరికి ఆమె అప్పటికే గదిలో ఉండేవారు.

మగపేరు తలుపు తీయించగలదు, అంతే. ప్రోగ్రాము చెప్పిన రోజుకు అందకపోతే రెండో కాంట్రాక్టు రాదు. భర్త అనుమతి లేకుండా స్త్రీ బ్యాంకు ఖాతా తెరవడం కూడా కష్టమైన ఆనాటి బ్రిటన్‌లో ఆ చిట్కా అవసరమైంది. దాన్నే ఆమె విజయ రహస్యంగా చెప్పడం మాత్రం, ముప్పై ఏళ్ల నిర్వహణను ఒక సంతకానికి కుదించడమే అవుతుంది.

ఇంటర్నెట్ లేని కాలంలో ఇంటి నుంచి ప్రోగ్రామింగ్ ఎలా చేసేవారు?

నేటి పాఠకులకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే. నిజానికి ఆ రోజుల్లో ప్రోగ్రామరుకు కంప్యూటరు ఎదుట కూర్చునే అవసరమే పెద్దగా ఉండేది కాదు. పని మొత్తం కాగితం మీద జరిగేది. ముందుగా చేయవలసిన పనిని మెట్టు మెట్టుగా విడగొట్టి పెన్సిలుతో ఫ్లోచార్టు, అంటే ఆ మెట్ల క్రమాన్ని చూపే పటం, గీయాలి. తర్వాత ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున కోడింగ్ షీట్ల మీద ఆదేశాలు రాయాలి. ఆ షీట్లను తపాలాలో డేటా కేంద్రానికి పంపితే, అక్కడి ఆపరేటర్లు వాటిని కార్డుల మీదో కాగితపు టేపు మీదో రంధ్రాలుగా కొట్టేవారు. తప్పులు పట్టడానికి అదే పనిని రెండోసారి కొట్టి మొదటిదానితో సరిచూసేవారు. ఇంతా అయ్యాకనే అది కంప్యూటరు దాకా వెళ్లేది.

కాబట్టి ఒక్క అక్షరం తప్పు రాస్తే ఆ సంగతి తెలిసేసరికి రోజులు గడిచేవి, యంత్రం అద్దె దండగయ్యేది. అందువల్ల రాసినదాన్ని పంపే ముందు, తానే కంప్యూటరైనట్టు ఊహించుకుని ఒక్కో ఆదేశాన్నీ వేలు పెట్టి చదువుకుంటూ విలువలు కాగితం మీద వేసుకోవడం తప్పనిసరి. ఇంత నెమ్మదైన, ఏకాగ్రత కోరే పనికి కార్యాలయం కన్నా పిల్లలు నిద్రపోయాక ఇంటి వంటగది బల్లే నయమని వాదించినా పెద్ద తప్పు కాదు.

ఉద్యోగానికి వచ్చినవారిని తొలుత అడిగే ప్రశ్న ఇంట్లో టెలిఫోను ఉందా అని. ఆ కాలంలో అన్ని ఇళ్లలోనూ ఫోను ఉండేది కాదు. షిర్లీ ఇంట్లో మాత్రం ఫోను మోగితే, కస్టమరుకు పసివాడి ఏడుపు వినపడకుండా, ముందే రికార్డు చేసి పెట్టుకున్న టైపింగ్ చప్పుడును టేపు రికార్డరు మీద వినిపించేవారు. అవతలివాళ్లు ఇదేదో సందడిగా నడుస్తున్న కార్యాలయం అనుకునేవారు. స్టీవ్ సంతకం కన్నా ఈ టేపు కథే ఆ సంస్థ తొలినాళ్లను బాగా చూపిస్తుందని మాకనిపిస్తుంది.

ఇంటి దగ్గర ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో ఎలా లెక్కకట్టేవారు?

కస్టమరు వరకు అసలు లెక్కకట్టనవసరం లేకుండా చేశారు. ఆమె చేసిన ముఖ్యమైన పని ఇదే.

మామూలు పద్ధతిలో ప్రోగ్రామరు కస్టమరు కార్యాలయానికి వెళ్లి కూర్చుంటారు, కూర్చున్న రోజులకు బిల్లు వేస్తారు. దినకూలీ లాంటిదే. ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ మాత్రం పని మొత్తానికి గుత్తగా ఒక ధర చెప్పేది. ప్రోగ్రాము అందాలి, పనిచేయాలి, అనుకున్న సొమ్ము చెల్లించాలి. దాన్ని ఎవరు రాశారు, ఏ ఊళ్లో రాశారు, పగలు రాశారా రాత్రి రాశారా అన్నవి కస్టమరుకు సంబంధం లేని సంగతులైపోతాయి. ఇంట్లో పనిచేసే మనిషి మీద ఉండే మొదటి అనుమానం, అంటే కనిపించకుండా ఏం చేస్తున్నారో అన్నది, ఆ ఒక్క నిర్ణయంతో పక్కకు తప్పుకుంది.

గుత్త ధర చెప్పడం తేలికేమీ కాదు. పని ఎంత పడుతుందో ముందే అంచనా వేయాలి. అంచనా తప్పితే నష్టం సంస్థదే. సాఫ్ట్‌వేర్ పనులు గడువు దాటడం, ఖర్చు రెట్టింపవడం ఆనాడు ఎంత మామూలో ఈనాడూ అంతే. అందువల్ల పనిని చిన్న చిన్న ముక్కలుగా కోయడం, ఏ ముక్క ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకుని తర్వాతి అంచనాకు వాడుకోవడం, ఫ్లోచార్టు గీసే తీరు నుంచి వివరణ పత్రాలు రాసే తీరు దాకా అందరూ ఒకే పద్ధతి పాటించడం అనివార్యమయ్యాయి. ఒకరికి కాన్పయినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా, ఆ పనిని మరో ఊళ్లో ఉన్న ఇంకొకరు అందుకుని కొనసాగించగలగాలంటే, ప్రతిదీ కాగితం మీద స్పష్టంగా ఉండి తీరాలి. ఒకే గదిలో కూర్చునేవాళ్లు నోటిమాటతో సరిపెట్టుకునే సంగతులన్నీ వీళ్లు రాసుకోవలసి వచ్చింది. ఆ క్రమశిక్షణ చివరికి వాళ్లకు వ్యాపారంలో బలమైంది.

ఇంటి నుంచి పని అనగానే నమ్మకం గురించి మాట్లాడతారు. ఆమె కూడా సిబ్బందిని నమ్మడమే తన పద్ధతి అని చెప్పేవారు. అయితే ఆ నమ్మకం వెనక ఇంత వివరమైన కాగితపు ఏర్పాటు ఉందన్నది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ పని ఈ సంస్థే చేసిందా?

చేసింది. ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానానికి సంబంధించిన బ్లాక్ బాక్స్, అంటే ప్రయాణ వివరాలను నమోదుచేసే ఫ్లైట్ రికార్డరు, ప్రోగ్రామింగును ఈ సంస్థకు చెందిన మహిళలు తమ తమ ఇళ్ల నుంచే పూర్తిచేశారు. ఆ పనికి నాయకత్వం వహించిన వారిలో ఆన్ మొఫాట్ పేరు ప్రముఖంగా వినిపిస్తుంది. ఆమె తర్వాతి కాలంలో ఆస్ట్రేలియాలో కంప్యూటర్ రంగంలో పేరు తెచ్చుకున్నారు. సంస్థ చేసిన పనుల్లో ఎక్కువ భాగం ఇంత ఆకర్షణీయమైనవి కావు. గూడ్సు రైళ్లు, బస్సుల వేళల పట్టికలు, సరుకు నిల్వల లెక్కలు వంటివే ఎక్కువ. సంస్థ నడిచింది వాటితోనే.

సంస్థలో మగవాళ్లే లేరా?

ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తొలి 300 మంది సిబ్బందిలో 297 మంది ఆడవాళ్లే. కుటుంబ బాధ్యతలున్న మహిళలకు ఉపాధి కల్పించడం సంస్థ ప్రకటిత లక్ష్యం. 1975లో బ్రిటన్‌లో లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చింది. మహిళల మేలు కోరి తెచ్చిన ఆ చట్టం ప్రకారం, మహిళల కోసమే నడిచే ఈ సంస్థ తీరే చట్టవిరుద్ధమైంది. మగవాళ్లకూ తలుపులు తెరవక తప్పలేదు. షిర్లీ ఈ వైచిత్రిని నవ్వుతూనే చెప్పేవారు.

కుటుంబ జీవితం ఆమె వృత్తిని ఎలా ప్రభావితం చేసింది?

సంస్థ పెట్టిన మరుసటి ఏడు, 1963లో, కొడుకు జైల్స్ పుట్టాడు. రెండేళ్లు దాటాక అప్పుడప్పుడే వచ్చిన మాటలు పోయాయి. తీవ్రమైన ఆటిజం అని తేలింది. పెద్దవాడవుతున్నకొద్దీ మూర్ఛ కూడా తోడైంది. 1970ల నడుమ ఆర్థిక మాంద్యం వల్ల వ్యాపారం దెబ్బతినడం, ఇంట్లో ఈ భారం, రెండూ కలిసి ఆమె ఆరోగ్యం చెడి ఆసుపత్రి పాలయ్యారు. జైల్స్ ఏళ్ల తరబడి మానసిక వైద్యశాలలో ఉండవలసి వచ్చింది. అతన్ని బయటికి తెచ్చి సొంత ఇంటిలాంటి చోట ఉంచాలన్న ప్రయత్నంలో నుంచే ఆమె మొదటి ధర్మసంస్థ కింగ్‌వుడ్ పుట్టింది. జైల్స్ 1998లో, 35 ఏళ్ల వయసులో మరణించాడు.

కుటుంబ బాధ్యతల వల్ల పనివేళలు కుదరని మనుషుల కోసం నడిచిన సంస్థ కనుక, అధిపతి పరిస్థితి తన సిబ్బంది పరిస్థితికి భిన్నంగా ఉండేది కాదు. అది సంస్థ విధానాల్లో కనిపిస్తుంది.

ఉద్యోగులకు వాటాలు ఎలా దక్కాయి? ఉచితంగా పంచారా?

సంస్థలో పావు వంతు వాటా, తనకు తప్ప మరెవరికీ ఖర్చు కాకుండా, సిబ్బంది చేతికి వెళ్లేలా చేశానని ఆమె చెప్పారు. అంటే ఆ భాగం ఆమె సొంత ఆస్తిలో నుంచి వెళ్లినదే. ఇది ఒక్క రోజులో, ఒక్క సంతకంతో జరగలేదు. 1980ల మొదట్లో సిబ్బంది తరఫున షేర్లు పట్టి ఉంచే ట్రస్టును ఏర్పాటుచేసి, ఏళ్ల మీద కొద్దికొద్దిగా వాటాలను అటు మళ్లించారు. సంస్థ చాలా ఏళ్ల వరకు డివిడెండు (వాటాదారులకు పంచే లాభం) కూడా ఇవ్వలేదు కనుక, ఆ కాగితాలు ఒకనాడు ఇంత సొమ్మవుతాయని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు.

1996లో షేర్లు మార్కెట్టుకు వెళ్లాయి. తర్వాతి నాలుగేళ్లలో ఐటీ షేర్లన్నీ ఎగబాకినప్పుడు వీటి ధరా పెరిగింది, 70 మంది సిబ్బంది మిలియనీర్లయ్యారు. ఇందులో మార్కెట్టు ఊపు పాత్ర ఎంతో ఉంది, దాన్ని దాచవలసిన పని లేదు. కానీ ఊపు వచ్చిన రోజున వాటాలు ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం పదిహేనేళ్ల ముందే తీసుకున్న నిర్ణయం.

దీన్ని దానధర్మంగా చూడడం పొరపాటని మా అభిప్రాయం. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, పైన పర్యవేక్షణ లేకుండా పనిచేసే మనుషులకు సంస్థ బాగోగుల్లో సొంత ఆసక్తి ఉండాలంటే యాజమాన్యంలో భాగం ఇవ్వడం తెలివైన పద్ధతి. ఔదార్యం లేదనడం లేదు, దానితోపాటు వ్యాపార తర్కమూ ఉందంటున్నాం.

ఈ పద్ధతి మీద విమర్శలు లేవా?

లేకపోలేదు. ఫ్రీలాన్స్ అంటే పని ఉన్నప్పుడే సొమ్ము. శాశ్వతోద్యోగికి ఉండే సెలవు జీతం, పింఛను వంటి భద్రత దానిలో ఉండదు. 1970ల మాంద్యంలో కాంట్రాక్టులు తగ్గితే మొదట ఆగిపోయేది ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ల పనే. కార్యాలయ స్థలానికి, ఫర్నిచరుకు అయ్యే ఖర్చును ఒక విధంగా ఆ మహిళల ఇళ్లే భరించాయి. ఇంట్లో పిల్లల బాధ్యత ఆడవాళ్లదే అన్న ఏర్పాటును ఈ పద్ధతి ప్రశ్నించలేదు, దానికి అనుగుణంగా పనిని మలిచింది. ఈ విమర్శల్లో పస ఉంది. అయితే అప్పటి ఆ మహిళలకు ఎదురుగా ఉన్న ప్రత్యామ్నాయం శాశ్వతోద్యోగం కాదు, అసలు ఉద్యోగమే లేకపోవడం. సిబ్బందికి వాటాలు అందాక ఈ విమర్శకు కొంత జవాబు దొరికినట్టయింది గానీ, వాటాలు అందేలోగా మానేసినవాళ్లకు ఆ జవాబు వర్తించదు.

ఆమె పగ్గాలు ఎప్పుడు వదిలారు? తర్వాత ఎవరు నడిపారు?

1987లో హిలరీ క్రాపర్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వచ్చారు. రోజువారీ నిర్వహణ ఆమె చేతికి వెళ్లింది, షేర్లు మార్కెట్టుకు వెళ్లింది కూడా ఆమె హయాంలోనే. షిర్లీ 1993లో, అరవయ్యో ఏట, పూర్తిగా తప్పుకున్నారు. తాము పెట్టిన సంస్థను వేరొకరికి అప్పగించి, వాళ్ల పనిలో వేలు పెట్టకుండా ఉండగలిగిన వ్యవస్థాపకులు అరుదు. మొదట్లో అది తనకూ కష్టంగానే ఉండేదని ఆమె ఒప్పుకున్నారు.

ఆమెకు దక్కిన గౌరవాలేమిటి?

బ్రిటిష్ ప్రభుత్వ గౌరవ పురస్కారాలైన ఓబీఈ 1980లో, డేమ్ 2000లో, కంపానియన్ ఆఫ్ ఆనర్ 2017లో. కంప్యూటర్ రంగ నిపుణుల సంఘమైన బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి 1989లో అధ్యక్షురాలయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

సంపాదించినదంతా ఏం చేశారు?

చాలావరకు ఇచ్చేశారు. షిర్లీ ఫౌండేషన్ ద్వారా ఆటిజానికి, కంప్యూటర్ రంగానికి సుమారు 6 కోట్ల 70 లక్షల పౌండ్లు వెచ్చించారు. బెర్క్‌షైర్‌లో ఆటిజం ఉన్న పిల్లల కోసం ప్రయర్స్ కోర్ట్ పాఠశాల, ఆటిజం పరిశోధనకు తోడ్పడే ఆటిస్టికా ధర్మసంస్థ ఆ సొమ్ముతో వచ్చినవే. 2001లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ స్థాపనకు కోటి పౌండ్లు ఇచ్చారు. ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుందన్నది కాక, అది సమాజాన్ని ఏం చేస్తోందన్నది అధ్యయనం చేసే సంస్థ అది. నిధులను వడ్డీ కోసం దాచి ఉంచకుండా ఖర్చుపెట్టేసి, 2018లో ఫౌండేషన్‌ను మూసేశారు.

ఆమె ఇంకా ఉన్నారా?

లేరు. 2025 ఆగస్టు 9న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆమె స్థాపించిన కంపెనీ ఇప్పుడు ఏ పేరుతో ఉంది?

ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్ 1974లో ఎఫ్ ఇంటర్నేషనల్ అయింది, 1988లో ఎఫ్ఐ గ్రూప్ అయింది, 2001లో జాన్సా అయింది. 1990ల చివర్లో ఐఐఎస్ ఇన్ఫోటెక్ అనే భారతీయ కంపెనీని కొనడంతో సంస్థకు నోయిడాలో పెద్ద కేంద్రం ఏర్పడింది. తర్వాత చెన్నై, పుణెల్లోనూ కార్యాలయాలు వెలిశాయి. ఇంగ్లండులో వంటగది బల్లల మీద జరిగిన పని ఇండియాలోని పెద్ద క్యాంపసులకు చేరింది. 2007లో ఫ్రాన్స్‌కు చెందిన స్టీరియా జాన్సాను కొనేసింది. ఆ స్టీరియా 2014లో సోప్రాతో కలిసి సోప్రా స్టీరియాగా మారింది. కనుక పాత పేర్లలో ఏదీ ఇప్పుడు వాడుకలో లేదు. పాత ఎఫ్ఐ గ్రూప్ సిబ్బంది, వాళ్లు నడిపిన కాంట్రాక్టుల వివరాలు వెతికేవారు జాన్సా పేరు మీద వెతికితే ఎక్కువ దొరుకుతాయి.